ఒకే గుమ్మంలోంచి ఇద్దరు: డైడో హార్డింగ్, కేట్ బింగమ్

బ్రిటిష్ ప్రభుత్వంలో నామినేటెడ్ పదవుల గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 2020లో కోవిడ్ టీకాలు సంపాదించే బృందాన్ని నడిపిన కేట్ బింగమ్ పేరు తీస్తారు. ఈ మధ్య ఒక మిత్రుల ఇంట్లో భోజనాల దగ్గర కూడా అదే జరిగింది. చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక తెలుగు డాక్టరుగారు, "ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు పిలిచి, ఇంటర్వ్యూలు పెట్టుకుంటూ కూర్చుంటే 2020 డిసెంబరుకి మాకు టీకా వచ్చేదా అండీ? ప్రధాని తెలిసిన మనిషికి ఫోన్ చేశాడు, ఆవిడ పని చేసి చూపించింది. ఎవరి కూతురైతేనేం, ఎవరి భార్యయితేనేం?" అన్నారు. ఆ ఏడాదంతా కోవిడ్ వార్డుల్లో గడిపిన మనిషి మాట కనుక ఎవరూ ఎదురు చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. అయితే ఆ వాదనలో ఒక మెలిక ఉంది. దాన్ని విడదీసి చూడాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ఆ మెలిక ఏమిటంటే, అదే నెలలో అదే ప్రభుత్వం అదే పద్ధతిలో ఇంకొకరిని కూడా నియమించింది. 2020 మే నెలలో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం రెండు పెద్ద బాధ్యతలను ప్రకటన లేకుండా, పోటీ లేకుండా ఇద్దరు స్త్రీల చేతిలో పెట్టింది. టీకాలు సంపాదించే టాస్క్‌ఫోర్సు కేట్ బింగమ్‌కి వచ్చింది. పరీక్షలు జరిపి, రోగులను కలిసినవారిని వెతికి, ఇళ్లలో ఉండమని చెప్పే 'టెస్ట్ అండ్ ట్రేస్' వ్యవస్థ డైడో హార్డింగ్‌కి వచ్చింది. ఇద్దరూ ఆ పనికి జీతం తీసుకోలేదు, ఇద్దరి భర్తలూ అప్పట్లో కన్సర్వేటివ్ ఎంపీలే. బింగమ్‌ను చూపించి ఈ పద్ధతి మంచిదని వాదించేవారికి హార్డింగ్‌ను చూపించి చెడ్డదని జవాబు చెప్పవచ్చు, కానీ అలా చెప్పుకుంటూ పోతే చెరో మార్కుతో ఆట ముగుస్తుందే తప్ప తేలేది ఏమీ ఉండదు. తెలిసినవారిని పెట్టుకుంటే అనర్హులు వస్తారన్నది అందరూ చెప్పే నష్టమే. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం: ఒకే వర్గంలో పుట్టి పెరిగినవారు నైపుణ్యంలో ఎంత తేడాగా ఉన్నా, ఆశల్లో ఒకేలా ఉంటారు. నియమించినవారు దేన్ని నమ్మాలనుకుంటున్నారో దాన్నే నియమితులయినవారు కూడా నమ్ముతారు. బింగమ్ ఆ ప్రమాదాన్ని తప్పించుకున్నారంటే, అందులో ఆమె ప్రతిభతో పాటు ఆమెకు దొరికిన పని స్వభావానికీ పెద్ద భాగం ఉంది.

ఎవరి పిల్లలు, ఎవరి స్నేహితులు

హార్డింగ్ తాతగారు ఫీల్డ్ మార్షల్. సైప్రస్‌లో తిరుగుబాటు నడుస్తున్న రోజుల్లో అక్కడ గవర్నరుగా పనిచేసి, 1958లో వంశపారంపర్య లార్డ్ బిరుదు పొందినవారు. తండ్రి ఆ బిరుదుకు వారసుడు. ఆమె మాత్రం ఆ బిరుదుతో పని లేకుండానే, ఆక్స్‌ఫర్డ్‌లో తనతో చదువుకున్న డేవిడ్ కామెరాన్ ప్రధాని అయ్యాక 2014లో యావజ్జీవ సభ్యత్వంతో హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వచ్చారు. భర్త జాన్ పెన్‌రోజ్ 2020లో ప్రభుత్వ అవినీతి నిరోధక ప్రతినిధి, ఇది నేను కల్పించినది కాదు. ఆమెను నియమించిన ఆరోగ్యమంత్రి మాట్ హాంకాక్ నియోజకవర్గంలో గుర్రప్పందాలకు పేరుపడ్డ న్యూమార్కెట్ ఉండేది, ఆమె అప్పట్లో ఆ పందాలను నడిపే జాకీ క్లబ్ బోర్డులో సభ్యురాలు. బింగమ్ తండ్రి ప్రధాన న్యాయమూర్తిగా, లా లార్డ్‌గా (లార్డ్స్ సభలోని అత్యున్నత న్యాయమూర్తిగా) పనిచేసిన టామ్ బింగమ్. భర్త జెస్సీ నార్మన్ అప్పట్లో ఆర్థికశాఖలో మంత్రి. ఆమె చదువుకున్న బడిలోనే జాన్సన్ చెల్లెలు కూడా చదువుకున్నారు.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇద్దరూ ఖాళీ చేతులతో వచ్చినవారు కారు. బింగమ్ జీవరసాయన శాస్త్రం చదివి, మందుల కంపెనీల్లో పెట్టుబడులు పెట్టడంలో దశాబ్దాల అనుభవం గడించారు. హార్డింగ్ పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థల్లో పనిచేసి, టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీకి ఏడేళ్లు అధిపతిగా ఉన్నారు. 2015లో ఆ కంపెనీ నుంచి లక్షన్నరకు పైగా ఖాతాదారుల వివరాలు దొంగిలించబడ్డాయి, మరుసటి ఏడాది డేటా రక్షణ సంస్థ 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఆ తరువాత ఆమె 2017లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంప్రూవ్‌మెంట్ అనే సంస్థకు అధ్యక్షురాలయ్యారు. అప్పుడు పార్లమెంటు ఆరోగ్య కమిటీ ఆ నియామకాన్ని ఒప్పుకుంటూనే, లార్డ్స్‌లో పార్టీ విప్‌ను వదులుకుని తటస్థ సభ్యుల బెంచీలకు మారమని సలహా ఇచ్చింది. ఆమె మారలేదు. చిన్న సంగతిలా కనబడే ఈ నిర్ణయాన్ని మళ్లీ ప్రస్తావిస్తాను.

నాకు ఆసక్తి కలిగించేది, ఈ నియామకాలు చేసినవారికి తాము ఆశ్రితపక్షపాతం చూపిస్తున్నామని కించిత్తు కూడా అనిపించి ఉండదన్నది. మన ప్రాంతాల్లో సిఫారసు చేసే ఎమ్మెల్యేకి తాను చేస్తున్నది సిఫారసేనని తెలుసు, ఉత్తరం తెచ్చుకున్నవాడికీ తెలుసు, అవతలి అధికారికీ తెలుసు. బ్రిటన్‌లో ఉత్తరంతో పని లేదు. ఒకే రకమైన బడి, ఒకే రెండు విశ్వవిద్యాలయాలు, ఒకే విందులు, ఒకే గుర్రప్పందాలు ఉన్నచోట పరిచయమే ప్రతిభకు రుజువుగా చలామణి అవుతుంది. "ఈమె గట్టి మనిషి, నాకు తెలుసు" అన్న మాటలో నిజం ఉండవచ్చు, కానీ తనకు తెలియని గట్టి మనుషులు ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న ఆ మాట అన్నవారికి తట్టదు.

ఈ రోగం బ్రిటిష్‌వారికి కొత్తది కాదు, మందు కూడా వారికి తెలియనిది కాదు. ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు తమ మేనల్లుళ్లను, స్నేహితుల కొడుకులను ఇండియాకు కలెక్టర్లుగా పంపించుకునే హక్కును 1853 చార్టర్ చట్టం తీసేసింది. 1855లో లండన్‌లో సివిల్ సర్వీసు పోటీ పరీక్ష మొదలైంది. సొంత దేశంలోని శాఖలకు బహిరంగ పోటీ పరీక్ష రావడానికి మాత్రం 1870 దాకా పట్టింది. పోటీ మంచిదని ముందు మన మీద ప్రయోగం చేసి తెలుసుకుని, పదిహేనేళ్ల తరువాత తమ ఇంట్లో అమలుచేశారన్నమాట. ఆ పరీక్ష ఇండియాలో కూడా రాసే వీలు 1922 దాకా మనకు ఇవ్వలేదన్నది వేరే కథ. గుమాస్తా నుంచి కార్యదర్శి వరకు పరీక్ష వచ్చింది కానీ, మంత్రి తన ఇష్టం మీద పిలిచి కూర్చోబెట్టే కుర్చీలు మిగిలే ఉన్నాయి. 1995లో వాటి మీద కన్ను వేయడానికి ఒక కమిషనర్‌ను పెట్టినా, అత్యవసరమంటూ తాత్కాలికంగా సృష్టించే పదవులు ఆ కంటికి ఆనవు.

పుట్టకముందే సోమలింగం

2020 మే 20న జాన్సన్ పార్లమెంటులో లేచి, జూన్ 1 కల్లా ప్రపంచాన్ని మించిపోయే టెస్ట్ అండ్ ట్రేస్ వ్యవస్థ సిద్ధంగా ఉంటుందని ప్రకటించారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అప్పటికి రోగులను కలిసినవారిని హెచ్చరించే ఫోన్ యాప్ ఐల్ ఆఫ్ వైట్ అనే చిన్న ద్వీపంలో ప్రయోగదశలో ఉంది. నెల తిరగకుండానే, జూన్ 18న, ఆ యాప్‌ను వదిలేసి ఆపిల్, గూగుల్ తయారుచేసిన పద్ధతికి మారుతున్నట్టు చెప్పారు. కొత్త యాప్ సెప్టెంబరు 24న గానీ జనం చేతికి రాలేదు.

ఆశను అంకెల్లోకి తర్జుమా చేయడం అంతకుముందే అలవాటయింది. ఏప్రిల్ నెలాఖరుకి రోజుకు లక్ష పరీక్షలు చేస్తామని హాంకాక్ మాట ఇచ్చారు, ఏప్రిల్ 30న 1,22,347 చేశామని ప్రకటించారు. అందులో సుమారు 40 వేలు అప్పుడే పోస్టులో వేసిన కిట్లు, అంటే ఎవరి ముక్కులోకీ ఇంకా వెళ్లని పుల్లలు. మాట నిలబెట్టుకున్నట్టు చూపించడానికి లెక్కను సర్దితే, ఆ మాట అన్నవారికన్నా ముందు ఆ లెక్క చూసి పనిచేసేవారు మోసపోతారు.

హార్డింగ్ కాలంలోనూ అదే ధోరణి సాగింది. సెప్టెంబరులో బడులు తెరిచారు, పిల్లలకు జలుబు జ్వరాలు వచ్చాయి, తల్లిదండ్రులు పరీక్షలకు ఎగబడ్డారు. లండన్‌లో ఉన్నవారిని పరీక్షకు వందల మైళ్లు వెళ్లమని చెప్పిన సందర్భాలు పత్రికలకెక్కాయి. సెప్టెంబరు 17న పార్లమెంటు సైన్సు కమిటీ ముందు హార్డింగ్, డిమాండ్ ఇంతగా పెరుగుతుందని ఎవరూ ఊహించి ఉండరని చెప్పారు. బడులు తెరిచిన నెలలో పిల్లలకు జలుబు చేస్తుందని ఊహించడానికి ఏ శాస్త్రవేత్త కావాలో నాకు అర్థం కాదు. ఒకటో తరగతి టీచర్‌ను అడిగినా చెప్పేవారు. మరుసటి ఫిబ్రవరిలో అదే కమిటీ ముందు, వైరస్ రూపం మార్చుకుంటుందని కూడా ఎవరూ ముందుగా చెప్పలేకపోయారన్నారు. ఈ మాట విని వైరాలజిస్టులు నోరు వెళ్లబెట్టారు.

అదే సెప్టెంబరులో 'ఆపరేషన్ మూన్‌షాట్' అనే పరీక్షల పథకం కాగితాలు బయటకు పొక్కాయి. 2021 తొలినాళ్లకల్లా రోజుకు కోటి పరీక్షలు, ఖర్చు 10,000 కోట్ల పౌండ్లు. రోజుకు రెండున్నర లక్షల పరీక్షలకే ప్రయోగశాలలు కిందా మీదా పడుతున్న రోజులవి. అక్టోబరు మొదట్లో తేలిన సంగతి మరీ విచిత్రం: వరుసలు సుమారు 65 వేలకు మించి పట్టని పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలో ఫలితాలు చేరవేయడం వల్ల, సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. ఆ రోగులకు వారి ఫలితం తెలిసింది కానీ, వారిని కలిసినవారిని వెతకమని ఎవరికీ సమాచారం వెళ్లలేదు. చంద్రుడి మీదకు గురిపెట్టిన ప్రభుత్వం ఎక్సెల్ షీటు దగ్గర ఆగిపోయింది.

టెస్ట్ అండ్ ట్రేస్‌కు రెండేళ్లకు కేటాయించిన మొత్తం 3,700 కోట్ల పౌండ్లు. మొదటి ఏడాది అందులో 1,350 కోట్లే ఖర్చయిందన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో పెద్ద అంకె ఒక్కటే తిరుగుతుంది. 2021 అక్టోబరులో ప్రజాపద్దుల కమిటీ, రోగవ్యాప్తి గొలుసును తెంచి జనాన్ని మామూలు జీవితానికి చేర్చాలన్న ముఖ్యోద్దేశం నెరవేరలేదని తేల్చింది.

లెస్టర్‌లో కనబడినది

2020లో నేను ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో ఉన్నాను. దేశమంతా ఆంక్షలు సడలిస్తున్నప్పుడు, జూన్ 29న, దేశంలో మొట్టమొదటి స్థానిక లాక్‌డౌన్ మా ఊరికి వచ్చింది. ఆసుపత్రుల బయట జరిగిన పరీక్షల వివరాలు ఏ వీధిలో, ఏ పనిచోట కేసులు వస్తున్నాయో తెలిసేలా తమకు సకాలంలో అందలేదని నగర మేయర్ పీటర్ సోల్స్‌బీ బహిరంగంగా ఫిర్యాదు చేశారు. ఊళ్లో దశాబ్దాలుగా క్షయ, మీజిల్స్ కేసులను ఇంటింటికీ తిరిగి వెతికిన అనుభవం ఉన్న ప్రజారోగ్య సిబ్బంది ఉన్నారు. వారిని పక్కన పెట్టి, సెర్కో, సిటెల్ కంపెనీల ద్వారా దేశం మొత్తానికీ కాల్ సెంటర్ పెట్టారు. జూన్ మధ్యలో ఆ కాల్ సెంటర్ ఉద్యోగుల సమయంలో 1 శాతమే పనికి వినియోగమైందని నేషనల్ ఆడిట్ ఆఫీసు తరువాత తేల్చింది.

మా వీధిలో టాక్సీ నడిపే ఒకాయన ఉండేవాడు. పంజాబీ, పెద్ద కుటుంబం. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేశానని మాటల్లో ఒకసారి చెప్పాడు. రోగం మీద భయం లేక కాదు. తల్లి అదే ఇంట్లో ఉండేది, ఆమె గదికి వేరే గిన్నెలు, వేరే తువ్వాళ్లు పెట్టిన మనిషి. ఫోన్ ఎత్తితే పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చోమంటారు, కూర్చుంటే కారు కిస్తీ ఎవరు కడతారన్నది ఆయన ప్రశ్న. ఆ రోజుల్లో చట్టబద్ధమైన సిక్ పే (జబ్బు సెలవు భత్యం) వారానికి 95.85 పౌండ్లు, సొంతంగా టాక్సీ నడుపుకునేవాడికి అది కూడా రాదు. తక్కువ ఆదాయం వారికి 500 పౌండ్ల సహాయం సెప్టెంబరు 28 నుంచి మొదలుపెట్టారు కానీ, అర్హత షరతులు దాటి అది చేతికి అందినవారు కొద్దిమందే.

ఈ వ్యవస్థను గీసినవారిలో ఫోన్ ఎత్తడానికి భయపడవలసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? పుట్టుకతో వచ్చే వెసులుబాటు అంటే బిరుదు, భవనం, బ్యాంకు ఖాతా అని అనుకుంటాం. 'ఇంట్లో ఉండండి' అన్న మాటకు ఇల్లు గడవడం అన్న అర్థం కూడా ఉంటుందని ఎప్పుడూ తెలుసుకోనక్కరలేకపోవడం కూడా ఆ వెసులుబాటులో భాగమే. చెబితే వింటారు, విన్నాక పాటిస్తారు, పాటిస్తే గొలుసు తెగుతుంది అన్న మూడు మెట్ల ఆశ మీద వేల కోట్ల పౌండ్లు పెట్టారు. జనం ఇందులో తక్కువగా పాల్గొంటున్నారని, పరీక్షలు ఆలస్యమవుతున్నాయని, ఐసొలేషన్ సరిగా పాటించడం లేదని, అందువల్ల ఈ వ్యవస్థ ప్రభావం నామమాత్రమేనని ప్రభుత్వ శాస్త్రసలహా సంఘం సెప్టెంబరు 21నే రాసింది. నవంబరులో చేసిన మార్పు ఏమిటంటే, ఇంట్లో ఒకరికి ఫోన్ చేసి చెబితే ఆ ఇంటివారందరినీ అందుకున్నట్టే లెక్కించడం. రోగులను కలిసినవారిలో ఎంతమందిని అందుకున్నారన్న అంకె, 60 శాతం చుట్టూ తిరిగినది, కొద్ది వారాల్లో 80 దాటింది.

ఓడిపోతామన్న లెక్కతో

ఇప్పుడు డాక్టరుగారి మాటకు వస్తాను. బింగమ్ విజయం నిజమైనదే, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ప్రధాని ఫోన్ చేసినప్పుడు తాను టీకాల నిపుణురాలిని కానని సంశయించినట్టు ఆమే చెప్పుకున్నారు. పని మొదలుపెట్టాక ఆమె తీరు హార్డింగ్ వ్యవస్థకు పూర్తిగా తలకిందులు. టీకాల్లో చాలావరకు విఫలమవుతాయన్న అంచనాతో, నాలుగు వేర్వేరు శాస్త్రీయ పద్ధతుల్లో తయారవుతున్న ఏడు టీకాలను ఎంచుకుని, మొత్తం 35.7 కోట్ల డోసులకు ఒప్పందాలు కుదుర్చుకున్నారు. దేశ జనాభా 7 కోట్ల లోపే. 2020 అక్టోబరులో లాన్సెట్ వైద్య పత్రికలో రాస్తూ, మొదటి తరం టీకాలు లోపాలతో రావచ్చని, అసలు టీకా ఎప్పటికైనా వస్తుందో లేదో తెలియదని, మితిమీరిన ఆశావాదానికి దూరంగా ఉండాలని హెచ్చరించారు. పక్కనే మూన్‌షాట్ కాగితాలు తిరుగుతున్న ప్రభుత్వంలో పనిచేస్తూ రాసిన మాటలివి. డిసెంబరు 2న ఫైజర్ టీకాకు అనుమతి వచ్చింది, 8న వేయడం మొదలైంది.

టీకా పనిలో ఇంకో సౌకర్యం ఉంది. సగం మందికి టీకా, సగం మందికి ఉత్త సూది వేసి, ఎవరికేది వేశారో వేసినవారికి కూడా తెలియకుండా నడిపే ప్రయోగం ఫలితాన్ని మంత్రిగానీ ప్రధానిగానీ, చెడు వార్త వినడం ఇష్టంలేని సలహాదారుగానీ మార్చలేరు. ఆ పరీక్షలో ఎవరి తండ్రి ఎవరన్నది లెక్కకు రాదు. టెస్ట్ అండ్ ట్రేస్‌కు అలాంటి కొలబద్ద ఏదీ లేదు. ఎన్ని పరీక్షలు, ఎన్ని ఫోన్లు అన్నవే కొలతలు, వాటిని ఎలా లెక్కపెట్టాలో నిర్ణయించేది ఆ వ్యవస్థే. ఆశ చొరబడడానికి అంతకన్నా పెద్ద సందు అక్కరలేదు.

2020 నవంబరు నాటికి పత్రికలు బింగమ్‌ను కూడా ఆశ్రితుల జాబితాలోనే రాసేశాయి. ప్రచార సలహాదారుల మీద 6.7 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టారన్న విమర్శ మీద పతాక శీర్షికలు వచ్చాయి. నెల తిరిగేసరికి టీకా రాగానే అవే పత్రికలు ఆమెను ఆకాశానికెత్తాయి. రెండుసార్లూ వారు చూసింది ఫలితాన్నే, నియామకం ఎలా జరిగిందన్నది అప్పుడూ ఇప్పుడూ అదే. నెగ్గినవారి నియామకం దూరదృష్టి, ఓడినవారి నియామకం బంధుప్రీతి అనడం మనకు కూడా బాగా అలవాటైన తీర్పే.

నా వాదనకు ఎదురయ్యేవి

నా మాట మీద నాకే ఉన్న సందేహాలు దాచుకోను. మొదటిది, రోగులను కలిసినవారిని వెతికే పని కేసులు వేలల్లోకి వెళ్లాక యూరప్‌లో చాలా దేశాల్లో కుప్పకూలింది; ఎంత నిష్పక్షపాతంగా ఎంపికైన అధికారి ఉన్నా ఇంగ్లండులో గెలిచి ఉండేవారని చెప్పలేం. రెండవది, హార్డింగ్ రాకముందే, మార్చి 12న, ప్రజారోగ్య సంస్థ ఈ వెతుకులాటను ఆపేసింది. ఆ సంస్థను నడిపింది పరీక్షలు రాసి, మెట్లెక్కి వచ్చినవారే. పోటీలో నెగ్గినవారు తప్పులు చేయరన్న భ్రమ నాకు లేదు. మూడవది, ఆమె కాలంలో పరీక్షల సామర్థ్యం వేల నుంచి లక్షలకు పెరిగింది. అక్టోబరు నెలాఖరుకు రోజుకు 5 లక్షలన్న లక్ష్యాన్ని, కనీసం సామర్థ్యంలో, అందుకున్నారు. అంత వేగంగా అంత పెద్ద యంత్రాంగాన్ని కట్టడం తేలికైన పని కాదు.

2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఇచ్చిన తీర్పు కూడా విమర్శకులు కోరుకున్నంత ఘాటుగా లేదు. ప్రజారోగ్య సంస్థ స్థానంలో తెచ్చిన కొత్త సంస్థకు 2020 ఆగస్టులో హార్డింగ్‌ను తాత్కాలిక అధ్యక్షురాలిగా చేసినప్పుడు, సమానత్వ చట్టం ప్రకారం ఆలోచించవలసినది ఆలోచించినట్టు హాంకాక్ ఆధారం చూపలేకపోయారని కోర్టు అన్నది. పక్షపాతం చూపారన్న ఆరోపణను మాత్రం ఒప్పుకోలేదు. అంటే, స్నేహితులకు పదవులు పంచారని కోర్టు చెప్పలేదు. స్నేహితులు కానివారు ఎవరైనా ఉన్నారేమోనని వెతకలేదని చెప్పింది. నాకు ఈ రెండో మాటే ఎక్కువ బరువైనదిగా కనబడుతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌లో మనవాళ్లతో సహా విదేశాల్లో చదివి వచ్చిన డాక్టర్లు, అంటురోగాల నిపుణులు, జిల్లాల ఆరోగ్యాధికారులు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. వారిలో ఎవరినీ కాదనలేదు, ఎందుకంటే ఎవరినీ తలుచుకోలేదు. 2021 జూన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ అధిపతి పదవికి హార్డింగ్ పోటీపడుతున్నప్పుడు, విదేశీ డాక్టర్లు, నర్సుల మీద ఆధారపడడం తగ్గిస్తానన్నది ఆమె వాగ్దానమని సండే టైమ్స్ రాసింది. మా భోజనాల బల్ల దగ్గర ఆ వార్త గుర్తుచేసింది ఆ డాక్టరుగారి భార్యే. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ పదవి చివరకు అమాండా ప్రిచర్డ్‌కు వెళ్లింది.

అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టిన విషయం 2025 మే నెలలో బయటపడింది. కోవిడ్ విచారణ సంఘం ముందు హార్డింగ్, ఐసొలేషన్‌లో ఉండేవారికి ఆర్థిక సహాయం పెంచాలని తాను పదేపదే కోరానని, అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్ ఒప్పుకోలేదని చెప్పారు. అంటే మా వీధి టాక్సీ డ్రైవరు కష్టం ఆమెకు తెలియదన్న నా ఊహ సగమే నిజం. ఫోన్ చేసి చెప్పినవారిలో రోజుకు కనీసం 20 వేల మంది ఐసొలేషన్ పూర్తిగా పాటించడం లేదని 2021 ఫిబ్రవరిలో కమిటీకి చెప్పినది కూడా ఆమే. తెలిసింది, అడిగారు, కాదన్నారు. ఆ తరువాత?

అక్కడే నేను 2017 నాటి ఆ పార్టీ విప్ సంగతికి వస్తాను. లోపల పదేపదే అడిగి, కాదనిపించుకున్న మనిషి ముందు రెండు దారులుంటాయి: సొమ్ము లేకుండా ఈ వ్యవస్థ పనిచేయదని బయటకు చెప్పి కుర్చీ వదిలేయడం, లేదా సర్దుకుని నడిపించడం. రాజీనామా చేసిన అధికారి మాటకు విలువ వస్తుంది, ఎందుకంటే ఆ అధికారికి మంత్రితో ఉద్యోగ సంబంధం తప్ప మరొకటి లేదు. తన ప్రధాని, తన పార్టీ, తన భర్త కూర్చున్న బెంచీలు, తనను ఈ స్థాయికి తెచ్చిన స్నేహాలు అన్నీ ఒకే వైపు ఉన్న మనిషికి ఆ తలుపు తెరవడం ఎంత కష్టమో ఊహించగలను. ఆమె పిరికివారని అనడం లేదు. అవతలి ఒడ్డున నిలబడి చెప్పగలిగే మనిషి ఒకరు కావలసిన చోట, ఇవతలి ఒడ్డువారినే ఏరి పెట్టుకున్నారంటున్నాను.

మిగిలినది

బింగమ్ 2020 చివర్లో పదవి వదిలి తన సంస్థకు తిరిగి వెళ్లారు, మరుసటి ఏడాది డేమ్ బిరుదు వచ్చింది. 2021 నవంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యసిస్తూ, ప్రభుత్వ యంత్రాంగంలో శాస్త్రం, పరిశ్రమ తెలిసినవారు లేరని, అందరూ ఒకేలా ఆలోచిస్తారని విమర్శించారు. తాను కట్టినది తన తరువాత నిలవలేదన్న బాధ ఆ మాటల్లో ఉన్నట్టు నాకు అనిపించింది. ఆమె మీద గౌరవంతోనే ఒక సంగతి అడగాలనిపిస్తుంది: ఒక ఫోన్ కాల్‌తో వచ్చిన టాస్క్‌ఫోర్సు ఇంకో ఫోన్ కాల్ లేకపోతే ఎలా కొనసాగుతుందని ఆమె అనుకున్నారు? శాఖల్లో ఆ పని నేర్చినవారు మిగిలినట్టు నాకు కనబడలేదు. ముందుముందు వచ్చే మహమ్మారులకు దేశంలోనే టీకాలు తయారుచేసుకోవడానికని హార్వెల్‌లో 20 కోట్ల పౌండ్లకు పైగా ప్రజాధనం పెట్టి కట్టిన తయారీ కేంద్రాన్ని, పూర్తి కాకముందే, 2022 ఏప్రిల్‌లో కాటలెంట్ అనే అమెరికన్ కంపెనీకి అమ్మేశారు. టీకాల విషయంలో తాము ప్రపంచానికే దారి చూపామని ఆ నెలలో కూడా మంత్రులు చెప్పుకుంటూనే ఉన్నారు.